సూప్ పరుగులో ఆఖరివాడు

ప్యో దొక్సు ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ సూప్ పోయించలేదు. అలాగని పిసినారి అనుకునేరు. ఊళ్ళో పెళ్ళయినా చావైనా జేబులో ముందు చెయ్యి పెట్టేది ఆయనే. సూప్ సంగతి వేరు. అది పరుగుకి సంబంధించిన వ్యవహారం.

కొరియా దక్షిణ తీరాన తొంగ్యంగ్ రేవులో సముద్రపు గోడ పక్కన ప్లాస్టిక్ గడ్డి పరిచిన మైదానం ఒకటుంది. ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా దోనమ్ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు అక్కడ చేరతారు. వలలు అల్లేవాడు, ఆల్చిప్పల పడవవాడు, పళ్ళ డాక్టరు, రిటైరైన బస్సు డ్రైవరు, చేపవడల కొట్టువాడు. క్లబ్బు పెట్టినప్పుడు చాలామంది ముప్పైల్లో ఉండేవాళ్ళు. ఇప్పుడు అందరూ కలిసికట్టుగా యాభైల్లోకి వచ్చిపడ్డారు. మోకాళ్ళకి పట్టీలు, నడుములకి బెల్టులు, దూరం నుంచే తెలిసే నొప్పుల మందు వాసన. ఆటకి ముందు వీళ్ళకి ఒక ఆచారం ఉంది. ఈ గోలు గీత మీద వరసగా నిలబడి, అవతలి గోలు దాకా పరిగెత్తి, కర్రని చేత్తో తాకి, మళ్ళీ వెనక్కి పరిగెత్తుకు రావాలి. ఆఖరున వచ్చినవాడు ఆట అయ్యాక సంతలో అందరికీ సూప్ పోయించాలి. వాన కురిసినా, ఫైనల్ మ్యాచి అయినా, సూప్ పరుగు లేనిదే బంతి కదలదు.

ఆ పరుగులో దొక్సు ఆఖరున రావడం అటుంచి, రెండో స్థానంలో వచ్చిన రోజులు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయనకి యాభై తొమ్మిదేళ్ళు. మనిషి పొట్టే కానీ పిక్కలు గుండ్రాళ్ళు. పదకొండో నంబరు చొక్కా, మైదానం ఎడమ అంచు, రెండూ మొదటి రోజు నుంచీ ఆయన సొత్తు. క్లబ్బులో ఆయన్ని పిడుగు అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే ఆయన భార్య "ఇంకెవరు, ఆయనే" అంటుంది.

మరి ఇంతటి పిడుగు ఉన్న జట్టు యాభైల విభాగం నగర కప్పు ఎందుకు గెలవలేదని మీరు అడగొచ్చు. వరసగా నాలుగేళ్ళు ఫైనల్ దాకా వెళ్ళింది. నాలుగేళ్ళూ వంతెన అవతలి మిరే క్లబ్బు చేతిలో ఓడింది. నాలుగుసార్లూ ఓడించిన గోలు చివరి పది నిమిషాల్లోనే పడింది. సగానికి ఇరవై అయిదు నిమిషాల చొప్పున ఆట. నలభయ్యో నిమిషం వచ్చేసరికి దొక్సు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, సముద్రం మీద ఎగిరే పక్షుల్ని చూస్తూ నిలబడిపోయేవాడు. బంతి ఆయన పక్కనుంచే వెళ్ళేది. ఆయన దాన్ని కళ్ళతో సాగనంపేవాడు.

మిరే క్లబ్బులో ఆయన్ని కాపలా కాసేవాడు ఛన్ మాంగిల్. ఐసు ఫ్యాక్టరీ నడుపుతాడు, నోరు మాత్రం చల్లగా ఉండదు. ప్రతి ఫైనల్లోనూ నలభయ్యో నిమిషంలో దొక్సు దగ్గరికొచ్చి ఒకటే మాట అడిగేవాడు.

"ఏంటి పిడుగన్నా, కరెంటు పోయిందా?"

దొక్సు దగ్గర జవాబు చెప్పడానికి కూడా ఊపిరి ఉండేది కాదు.

వచ్చే ఏడాది అరవై నిండుతాయి కాబట్టి ఆయన అరవైల విభాగంలోకి వెళ్ళిపోవాలి. అందుకే ఈ అక్టోబరు ఫైనల్ ఆయనకి ఈ మిత్రులతో ఆఖరిది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆఖరి విజిల్ మోగేటప్పుడు తను మైదానంలో తన కాళ్ళ మీద నిలబడి ఉండాలి, గెలిచింది తన జట్టయి ఉండాలి. ఇది తప్ప దొక్సుకి వేరే కోరిక లేదు.

ఫైనల్‌కి రెండు వారాల ముందు కోచ్ గుక్ బొంగ్హో ఆ కోరిక మీద నీళ్ళు చల్లాడు. గుక్ ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. విజిల్‌ని కూడా హారన్ కొట్టినట్టే ఊదుతాడు. ఆట అయ్యాక దొక్సుని పక్కకి పిలిచాడు.

"అన్నా, ఒక మాట. కోపం తెచ్చుకోకూడదు."

"అలా అన్నావంటే కోపం వచ్చే మాటే. చెప్పు."

"ఫైనల్లో ఎడమ పక్క తేగుని ఆడిద్దామనుకుంటున్నా."

యొమ్ తేగు అంటే చేపవడల కొట్టువాడు. యాభై నిండి ఆరు నెలలే అయింది, కాబట్టి జట్టులో పసివాడి కింద లెక్క. పక్కనే నిలబడి నీళ్ళు తాగుతున్నవాడు కాస్తా ఆ మాట విని సీసా జారవిడిచాడు.

"నేనడగలేదన్నా! మా ఆవిడ మీదొట్టు!"

"నిన్నెవరన్నార్రా," అని దొక్సు కోచ్ వైపు తిరిగాడు. "మరి నన్నెక్కడ పెడతావు?"

"వెనకాల, డిఫెన్సులో. అక్కడ పరుగు తక్కువ."

"డిఫెన్సా! దానికంటే నన్ను తీసుకెళ్ళి గోలు కర్ర పక్కన పాతెయ్. ఇవాళ కూడా సూప్ పరుగులో మొదట ఎవడొచ్చాడో నువ్వు చూళ్ళేదా?"

"చూశాను. నలభయ్యో నిమిషంలో పక్షుల్ని లెక్కపెట్టింది ఎవరో కూడా చూశాను."

చుట్టూ చేరినవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. పళ్ళ డాక్టరు దొక్సు పక్షం, వలల మనిషి కోచ్ పక్షం, మిగతావాళ్ళు సూప్ పక్షం. ఆకలి మీద ఉన్నవాళ్ళ మధ్య గొడవ ముదరకూడదని గుక్ విజిల్ ఊదాడు.

"ఆగండి. ఫైనల్ రోజు సూప్ పరుగులో వీళ్ళిద్దరిలో ఎవడు ముందొస్తే పదకొండో నంబరు వాడిది. ఆడటం మొదలెట్టేది వాడే. ఒప్పుకుంటావా అన్నా?"

దొక్సు మొహం చేటంతయింది. "రాసిపెట్టుకో," అన్నాడు.

ఆ వారమే కూతురు హారమ్ సెలవు మీద ఇంటికొచ్చింది. వేరే ఊళ్ళో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఒకటుంది, ఆ పిల్లల ఒంటి దారుఢ్యం చూసుకోవడం ఈ అమ్మాయి ఉద్యోగం. ఎవరు ఎంత పరిగెత్తాలి, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు తినాలి, అన్నీ తనే చెప్పాలి. ఉద్యోగం పేరు చెప్పడం కష్టమని దొక్సు ఊళ్ళోవాళ్ళకి "మా అమ్మాయి పిల్లల్ని పరిగెత్తిస్తుంది" అని చెప్పి ఊరుకుంటాడు.

"మీ పిల్లల్ని పరిగెత్తించినట్టు నన్నూ ఒకసారి పరిగెత్తించవే. తేగుని కూడా తీసుకొస్తా, వాడి పని కూడా తేలిపోతుంది," అన్నాడు.

మర్నాడు సాయంత్రం మైదానంలో ముప్పై మీటర్లు కొలిచి రెండు చోట్ల గుర్తులు పెట్టింది హారమ్. ఉన్న శక్తంతా పెట్టి ఆరుసార్లు పరిగెత్తాలి, పరుగుకీ పరుగుకీ మధ్య ఇరవై సెకన్లే విరామం. మొదటి పరుగులో దొక్సు తేగుని వెనక్కి నెట్టేశాడు. రెండోదాంట్లో కూడా ముందున్నాడు. మూడోదాంట్లో ఇద్దరూ సమానమయ్యారు. నాలుగోదాంట్లో తేగు వీపు కనబడింది. ఆరోది పూర్తయ్యాక దొక్సు గడ్డి మీద వెల్లకిలా పడిపోయాడు.

"ఎంతే?" అన్నాడు ఆకాశంలోకి చూస్తూ.

"మొదటిది నాలుగు పాయింట్ తొమ్మిది సెకన్లు. యాభై తొమ్మిదేళ్ళకి అది చాలా గొప్ప, నాన్నా. ఉత్తుత్తి మాట కాదు."

"విన్నావా తేగూ!"

"ఆరోది ఏడు సెకన్లు దాటింది."

దొక్సు పక్కకి దొర్లాడు. "గాలి ఎదురొచ్చింది," అన్నాడు.

"తేగు బాబాయికి కూడా అదే గాలి వచ్చింది. ఆయన అయిదున్నరలో మొదలుపెట్టి ఆరులో ఆపాడు."

తేగు తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. హారమ్ తండ్రి పక్కన కూచుని వివరంగా చెప్పింది. ఒంట్లో శక్తి మూడు రకాలుగా పుడుతుందట. మొదటిది కండలోనే సిద్ధంగా ఉండే సరుకు. చాలా జోరుగా పనిచేస్తుంది, కానీ ఆరేడు సెకన్లకే అయిపోవస్తుంది. అరనిమిషం ఆగితే సగం నిండుతుంది, పూర్తిగా నిండాలంటే మూడు నిమిషాలు కావాలి. నిండకముందే మళ్ళీ లాగితే, ఊపిరితో పని లేకుండా చక్కెరని గబగబా కాల్చే రెండో రకం ముందుకొస్తుంది. కాళ్ళు సీసంలా బరువెక్కేది అప్పుడే. మూడోది ఊపిరితో నడిచేది. నిదానమే, కానీ ఆట చివరిదాకా తోడుంటుంది. ఖాళీ అయిన మొదటిదాన్ని మళ్ళీ నింపేది కూడా ఇదే.

"వయసు పెరిగేకొద్దీ ఆ నింపే పని ఆలస్యమవుతుంది. నువ్వేమో దానికి టైమే ఇవ్వవు. పోయిన ఆదివారం వీడియో చూశాను. మొదటి సగంలోనే ఇరవై మూడుసార్లు ప్రాణం పెట్టి పరిగెత్తావు. బంతి దొరికింది నాలుగుసార్లు. మిగతా పందొమ్మిది ఎందుకు?"

"బెదిరించడానికి."

"ఎవర్ని?"

"ఎవర్నైనా."

"ఇది చాలదన్నట్టు ఆటకి ముందు ఆ సూప్ పరుగొకటి! ముప్పై అయిదు సెకన్ల పాటు పూర్తి వేగంతో వెళ్ళి, వచ్చీ రాగానే ఆట. మా పిల్లల చేత నేనలా చేయిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"సూప్ పరుగు జోలికి మాత్రం రాకే. అది ఆచారం."

"మధ్యమధ్యలో నడవడం కూడా ఆటలో భాగమే నాన్నా."

"నడవాలనుకునేవాడు పార్కుకి పోవాలి," అని దొక్సు లేచి, దులుపుకుని, నడుచుకుంటూనే ఇంటికి పోయాడు. మూడు రోజులు కూతురితో సరిగా మాట్లాడలేదు. ఆ పిల్ల చెప్పింది అర్థం కాక కాదు. అర్థం చేసుకుంటే పదకొండో నంబరు పోతుందేమోనని భయం.

దొక్సుకి రేవు వెనక వీధిలో, ఊరివాళ్ళు డబ్బిచ్చి వేడినీళ్ళ స్నానం చేసి పోయే స్నానశాల ఉంది. ఎర్ర ఇటుకల పొగగొట్టం, కింద రెండు తలుపులు, ఆడవాళ్ళ వైపు భార్య, మగవాళ్ళ వైపు తను. ముప్పై ఏళ్ళ నుంచీ నడుపుతున్నాడు. ఫైనల్‌కి ముందు రోజు, శనివారం పొద్దున్నే, ఆంచోవీ చేపల పడవ దిగిన పన్నెండుమంది మనుషులు ఒక్కసారి లోపలికొచ్చి పడ్డారు. చలికి ఒణికిపోతూ పన్నెండుమందీ పన్నెండు షవర్లు తిప్పారు. మూడు నిమిషాలు తిరక్కుండానే లోపల్నుంచి కేకలు.

"ఓ ప్యో అన్నా! ఇది స్నానశాలా, చేపల కోల్డ్ స్టోరేజా?"

దొక్సు భుజం మీద తువ్వాలు వేసుకుని లోపలికి పరిగెత్తాడు. ముప్పై ఏళ్ళుగా అరుస్తున్న అరుపే మళ్ళీ అరిచాడు.

"అందరూ ఒక్కసారే తిప్పితే ట్యాంకు ఖాళీ అవదూ! కట్టండి, కట్టండి! సబ్బు రుద్దుకునేటప్పుడు కూడా పారబోస్తారేంటి? మూడు నిమిషాలు ఆగండి. బాయిలరు పాతదే కానీ పని చేస్తోంది, దానికి టైమివ్వాలి. ఆగితే మళ్ళీ పొగలు కక్కుతూ..."

అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. సబ్బు నురగలో ఉన్న పన్నెండుమందీ ఈయనకేమయిందా అని చూస్తున్నారు. దొక్సు గిర్రున వెనక్కి తిరిగి బాయిలరు గదిలోకి వెళ్ళాడు. ట్యాంకు మీద వేడి చూపించే ముల్లు అడుగున ఉంది. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు. ముల్లు మొదట చకచకా లేచింది, సగం దాటాక నెమ్మదించింది, మూడో నిమిషం అయ్యేసరికి పైకొచ్చి నిలబడింది. లోపల్నుంచి "ఆహా, వచ్చాయి!" అని సంతోషంగా కేకలు వినిపించాయి.

"హారమ్!" అని కేకేశాడు.

తువ్వాళ్ళు మడతపెడుతున్న పిల్ల కంగారుగా పరిగెత్తుకొచ్చింది. "ఏమయింది? ఏం పేలింది?"

"ఆ మొదటి రకం సరుకు అన్నావే, అది ఈ ట్యాంకు కదూ?"

హారమ్ ట్యాంకు వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, నవ్వేసింది. "అవును నాన్నా. అచ్చం అదే."

"ఊపిరితో నడిచేది బాయిలరు."

"అవును."

"మరి రెండోది?"

"ట్యాంకు ఖాళీ అయినప్పుడు నువ్వు వంటింట్లో గ్యాసు మీద నీళ్ళు కాచి బకెట్లతో మోసుకొస్తావు చూడు, అది. పని జరుగుతుంది, కానీ ఇల్లంతా ఆవిరి, అమ్మ చేత తిట్లు, నీకు నడుం నొప్పి."

దొక్సు బల్ల మీద కూలబడ్డాడు. "ముప్పై ఏళ్ళు ఊరందరి మీదా అరిచానే. నా మీద నేనొక్కసారీ అరుచుకోలేదు."

హారమ్ కూడా పక్కన కూచుంది.

"రేపు సూప్ పరుగులో గెలిస్తే చొక్కా నాది, కానీ ట్యాంకు ఖాళీ," అన్నాడు దొక్సు. "పరిగెత్తకపోతే ట్యాంకు నిండు, కానీ చొక్కా తేగుది. ఏం చెయ్యమంటావు?"

"అది మాత్రం నేను చెప్పను. నువ్వు మళ్ళీ మూడు రోజులు మాట్లాడ్డం మానేస్తావు," అని హారమ్ తువ్వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఫైనల్. ఊళ్ళో సగం మంది గట్టు మీదకి చేరారు. నాచు రేకుల్లో అన్నం చుట్టిన గిమ్‌బాప్ పొట్లాలు విప్పుకుని, ఎవరి జట్టుని వాళ్ళు తిట్టుకుంటున్నారు. దోనమ్ వాళ్ళు ఆచారం ప్రకారం గోలు గీత మీద వరసగా నిలబడ్డారు. దొక్సు ఒంటి మీద పదకొండో నంబరు. పక్కనే తేగు, పాపం పరీక్షకొచ్చిన పిల్లాడిలా చెమటలు కక్కుతున్నాడు. మిరే వాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని వినోదం చూస్తున్నారు. గుక్ హారన్ కొట్టాడు.

అందరూ పరిగెత్తారు. దొక్సు నడిచాడు.

ముందు ఎవరూ గమనించలేదు. తేగు అవతలి గోలు కర్ర తాకి వెనక్కి తిరిగేసరికి, ఎదురుగా తాపీగా నడిచొస్తున్న దొక్సు కనబడ్డాడు. వాడు ఆ ఆశ్చర్యంలో పడబోయి నిలదొక్కుకున్నాడు.

"అన్నా! కండ పట్టేసిందా?"

"నువ్వు పో. ఆగకు."

గట్టు మీద గోల మొదలైంది. పళ్ళ డాక్టరు పరిగెడుతూనే "ఏం చేస్తున్నావయ్యా మహానుభావా!" అని మొత్తుకున్నాడు. మాంగిల్ అయితే చప్పట్లు కొట్టి మరీ అరిచాడు. "ఈసారి పిడుగన్నకి ఆట మొదలవకముందే కరెంటు పోయిందిరోయ్!"

దొక్సుకి చెవులు వేడెక్కాయి. పిక్కలు వాటంతట అవే ఎగరబోతున్నాయి, వాటిని ఆపడమే పెద్ద పనైంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడూ ఈ మైదానంలో ఇంతమంది వీపులు చూడలేదు. నిజం చెప్పాలంటే ఆయనకి ఏడుపొచ్చింది. అయినా కర్ర తాకి, అదే నడకతో వెనక్కొచ్చి, అందరికంటే ఆఖరున గీత దాటాడు. దాటీ దాటగానే చొక్కా విప్పి తేగు చేతుల్లో పెట్టాడు. సంచిలోంచి ఇరవై ఏడో నంబరు చొక్కా తీసి తొడుక్కున్నాడు. అది ఎప్పుడో మానేసిన లావుపాటి గోల్‌కీపరుది, మోకాళ్ళ దాకా వచ్చింది.

గుక్ విజిల్ నోట్లోంచి తీసి దగ్గరికొచ్చాడు. "ఏంటన్నా ఇది? అలిగావా?"

"అలగలేదు. ట్యాంకు కాపాడుకుంటున్నా."

"ఏ ట్యాంకు?"

"తరవాత చెప్తా. చివరి పన్నెండు నిమిషాలు నాకివ్వు. అంతకంటే ఏమీ అడగను."

"ఇవ్వకపోతే?"

"రేపట్నుంచి నా స్నానశాలలో నీకు చన్నీళ్ళే."

గుక్ రోజూ పొద్దున్నే వేడినీళ్ళలో గంటసేపు కూచుని నడుం కాపుకునే మనిషి. విజిల్ మళ్ళీ నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆట మొదలైంది. తేగు ఆ చొక్కాకి తగ్గట్టే ఆడాడు. అంతకుముందే సూప్ పరుగులో ప్రాణం పెట్టాడు, ఇప్పుడు దొక్సు అన్న పరువు కూడా తన మెడకి చుట్టుకున్నట్టు ప్రతి బంతి వెనకా పరిగెత్తాడు. వాడి వెనకే మాంగిల్ కూడా పరిగెత్తాడు. ముందు మిరే వాళ్ళు ఒక గోలు కొట్టారు. సగం ఆటకి కాస్త ముందు వలల మనిషి తలతో ఒకటి కొట్టి సమానం చేశాడు. దొక్సు బెంచి మీద కూచుని, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ కూచున్నాడు. కూచోవడం ఇంత కష్టమని ఆయనకి ఇప్పటిదాకా తెలియదు.

ముప్పై ఏడో నిమిషంలో తేగు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. బంతి పక్కనుంచే వెళ్ళింది. వాడు తల తిప్పి సముద్రం మీది పక్షుల వైపు చూశాడు.

దొక్సు బెంచి మీద ముందుకి వంగాడు. ఇన్నేళ్ళూ అందరికీ తను ఇలాగే కనబడ్డాడా అనుకున్నాడు. నవ్వూ వచ్చింది, వాడి మీద జాలీ వేసింది. గుక్ కూడా తేగుని చూశాడు, తరవాత బెంచి వైపు చూశాడు. రెఫరీకి చెయ్యి ఊపి, దొక్సుని లోపలికి వెళ్ళమని సైగ చేశాడు.

తేగు గీత దగ్గరికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి చొక్కా విప్పబోయాడు. "అన్నా, నీ పదకొండు."

"ఉంచుకోరా. బాగా ఆడావు. కూచుని నీళ్ళు తాగు."

లోపలికెళ్ళిన మొదటి నిమిషంలోనే బంతి ఎడమ అంచుకొచ్చింది. దొక్సు కదిలాడు. మాంగిల్ తిరిగి చూసేలోపు ఇరవై ఏడో నంబరు చొక్కా వాడి పక్కనుంచి దూసుకుపోయింది. బంతి గోలు ముందుకి వెళ్ళింది, ఎవరూ అందుకోలేదు, మిరే వాళ్ళు దూరంగా తన్నేశారు. పాత దొక్సు అయితే ఆ బంతి వెనక వెంటనే మళ్ళీ పరిగెత్తేవాడు. ఈ దొక్సు నడిచాడు.

"పరిగెత్తన్నా!" అని గుక్ గొంతు చించుకున్నాడు.

"బాయిలరు!" అని దొక్సు తిరిగి అరిచాడు. గుక్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. గట్టు మీద హారమ్ మాత్రం గిమ్‌బాప్ పొట్లం కింద పడేసుకుని నవ్వింది.

మాంగిల్ రొప్పుతూ పక్కకొచ్చాడు. "నడకేనా అన్నా? ముసలాడివైపోయావు."

దొక్సు జవాబు చెప్పలేదు. ఈసారి ఊపిరి లేక కాదు, దాన్ని వాడి మీద ఖర్చు పెట్టడం ఇష్టం లేక. వాడి ఎర్రబడ్డ మొహం, మోకాళ్ళ మీద చేతులు చూశాడు. ఇన్నేళ్ళూ తను గమనించలేదు కానీ వీడికీ ట్యాంకు ఉంటుంది కదా అనిపించింది. ఒకటి వదిలేశాడు, రెండు వదిలేశాడు, దగ్గరగా వచ్చిన బంతికి మాత్రం పరిగెత్తాడు. పరిగెత్తిన ప్రతిసారీ ముల్లు పైకి వచ్చేదాకా నడిచాడు. గట్టు మీదనుంచి సొంత జట్టువాళ్ళే తిట్టిపోశారు. ఆ తిట్లన్నీ పడ్డాడు.

నలభై తొమ్మిదో నిమిషంలో మిరే వాళ్ళు కార్నరు కొట్టారు. బంతి దోనమ్ గోలు ముందు గందరగోళంగా దొర్లి, పళ్ళ డాక్టరు కాలికి తగిలి బయటపడింది. ఆయన కళ్ళు మూసుకుని ఎడమ పక్కకి తన్నాడు. అక్కడ దొక్సు రెండు నిమిషాల పైనుంచీ నడుస్తూ ఉన్నాడు. ముందు యాభై మీటర్ల ఖాళీ గడ్డి, పక్కన మాంగిల్.

ఇద్దరూ ఒకేసారి కదిలారు. పది మీటర్లు భుజం భుజం రాసుకుంటూ వెళ్ళారు. ఆ తరవాత దొక్సు కాళ్ళలో ఇంకా వేడి ఉందని ఆయనకే తెలిసింది. వెనక మాంగిల్ బూట్ల చప్పుడు దూరమైంది. మోకాళ్ళ దాకా వేలాడే చొక్కా గాలికి తెరచాపలా ఉబ్బింది. గోలు గీత దాకా వెళ్ళి, తల ఎత్తి చూసి, బంతిని వెనక్కి నేల బారుగా తోశాడు. బంతిని తన్నిన వెంటనే తనూ పరుగందుకుని వెనకే వచ్చిన పళ్ళ డాక్టరు దాన్ని కాలితో తన్నబోయాడు. అది కాలికి తగల్లేదు, మోకాలి పట్టీకి తగిలింది. తగిలి, కర్రని రాసుకుంటూ లోపలికి పోయింది.

గోలు గోలే. డాక్టరు మీద పదిమంది పడ్డారు. ఇంకో నిమిషన్నరకి ఆఖరి విజిల్ మోగింది. అప్పటికి దోనమ్ వాళ్ళు చాలామంది నేల మీద పరుచుకుని ఉన్నారు, మిరే వాళ్ళు కూడా. మైదానం మధ్య దొక్సు ఒక్కడే తన రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. చెమటే అనుకుంటారులే అనుకున్నాడు.

మాంగిల్ పాక్కుంటూ లేచి వచ్చి చెయ్యి కలిపాడు. "కరెంటు ఎక్కడ దాచావన్నా?"

"మా స్నానశాలకి రా, చూపిస్తా. ముందు సూప్ తాగుదువుగాని పద. మీవాళ్ళందర్నీ తీసుకురా."

సంతకి నడుస్తుంటే హారమ్ కోచ్ పక్కకి చేరింది. "బాబాయ్, సూప్ పరుగు ఆట అయ్యాక పెట్టుకుంటే ఏమవుతుంది?"

"ఇరవై రెండేళ్ళ ఆచారమమ్మా!" అని గుక్ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఆచారం సూప్‌కి ముందు ఉండాలనే కదా, ఆటకి ముందు ఉండాలని ఎవరన్నారు?" అన్నాడు డాక్టరు. గుక్ ఆలోచిస్తూ సంత దాకా నడిచాడు. తేగు మాత్రం పదకొండో నంబరు చొక్కాలోనే దొక్సు పక్కన నడుస్తూ, ఆ ట్యాంకు సంగతి తనకి కూడా చెప్పమని ప్రాణం తీశాడు. రేపు పొద్దున్నే బాయిలరు గదికి రమ్మన్నాడు దొక్సు.

సంత మూలన సూప్ కొట్టు అవ్వకి ఎనభై దాటాయి. ముల్లంగాకు సూప్ కాచే పెద్ద గిన్నె ముందునుంచి కదలదు. క్లబ్బు వాళ్ళు లోపలికి రాగానే ప్రతి ఆదివారం అడిగే ప్రశ్న ఒకటే, ఎవరి మొహమూ చూడకుండా గరిటె తిప్పుతూనే అడుగుతుంది.

"ఇవాళ ఆఖరెవరు?"

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గుక్ గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ కప్పు వచ్చింది కదవ్వా, ఇవాళ్టి సూప్ క్లబ్బు తరఫున..."

"నువ్వు నోర్ముయ్," అన్నాడు దొక్సు. లేచి నిలబడి, బయట చేపలమ్మేవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు. "నేనే అవ్వా!"

గరిటె ఆగింది. అవ్వ కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వా! ఏమయింది నాయనా, కాలు విరిగిందా?"

"లేదవ్వా," అన్నాడు దొక్సు. "గెలిచాం."